మనకు రాసిన మందు ఇంకొకరికి ఇస్తే నేరమా?

అడిగినవారు:
నాకు రాసిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కోర్సులో ఆరు మాత్రలు మిగిలాయి. గొంతునొప్పితో అల్లాడుతున్న స్నేహితురాలికి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు. అది చట్టవిరుద్ధమని ఇంట్లో గొడవ. సాయం చేస్తే నేరమెలా అవుతుందండీ?

ఫార్మసిస్ట్:
డబ్బు తీసుకోనంత మాత్రాన సరిపోదండి. చీటీ మీద ఎవరి పేరుంటే మందు వాళ్లకే. అమెరికాలో కొన్ని నిద్రమాత్రలు, మార్ఫిన్ జాతి నొప్పి మందుల సీసాల మీద ఈ హెచ్చరిక వేసి మరీ ఇస్తారు: రాసిన రోగికి తప్ప మరొకరికి ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. ఊరికే ఇచ్చినా ఇచ్చినట్టే. మీది ఆ కోవ మందు కాదు. కానీ అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిది, ఆమెకు పడుతుందో లేదో అడిగారా?

ఒక తల్లి:
ఇంత గట్టిగా గిరి గీస్తే ప్రాణాలు పోతాయి. మా అబ్బాయికి ఉబ్బసం. ఇన్హేలర్ మరిచిపోయిన రోజు ఊపిరాడకపోతే, పక్క పిల్లాడు తన సాల్బుటమాల్ ఇచ్చాడు. వాడు నేరస్థుడా?

ఫార్మసిస్ట్:
ఆ పిల్లాణ్ణి నేనైతే మెచ్చుకుంటానమ్మా. అలాంటి అత్యవసరానికి చట్టంలోనే దారి ఉండాలి. బ్రిటన్‌లో 2014 అక్టోబరు నుంచి బడులు చీటీ లేకుండానే ఈ ఇన్హేలర్ కొని ఉంచుకోవచ్చు. అదీ ఉబ్బసం ఉన్న పిల్లలకే, తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. తీవ్రమైన అలర్జీ లాంటి ప్రాణాపాయంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎవరైనా వేయడానికి అక్కడి 2012 నిబంధనలు ఒప్పుకుంటాయి. గొంతునొప్పి అలాంటిది కాదు కదా.

తండ్రిని చూసుకుంటున్నవారు:
మంచం పట్టిన నాన్నకు రోజూ నేనే మాత్రలు వేస్తాను. ఆయన మందు ఆయనకే కాబట్టి ఇబ్బంది లేదు. ఒక రాత్రి ఆయనకు నిద్ర పట్టక, నాకు రాసిన నిద్రమాత్ర వేయబోయాను. ఆయన అప్పటికే మార్ఫిన్ మీద ఉన్నారు. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చని నర్సు ఆపింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఒక తల్లి:
ఒప్పుకుంటాను. అయినా డాక్టరు అందుబాటులో లేనివాళ్ల మాటేమిటి? వాళ్లకు దారి చూపకుండా నిషేధిస్తే ఎలా?

అడిగినవారు:
ఇప్పుడే ఫోన్ చేశాను. మూడు మాత్రలు వేసుకుందట. పెన్సిలిన్ పడుతుందో లేదో తనకే తెలియదంది. మిగతావి ఆపేసి వెంటనే డాక్టరుకు చూపించుకోమన్నాను. తోడుగా నేనూ బయల్దేరుతున్నాను.