పాత చార్టు వేరియేషన్ సరిచేసినా కంపాస్ ఎర్రర్ కలవడం లేదు

డెక్_క్యాడెట్: ఓడ ఇంగ్లీష్ ఛానెల్ తూర్పు భాగంలో ఉంది, హెడ్డింగ్ (ఓడ ముందుభాగం చూసే దిశ) 070. ప్రాక్టీస్‌కి వాడే పాత చార్టు కంపాస్ రోజ్ (దిక్కుల చక్రం) మీద వేరియేషన్ (నిజ ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య కోణం) 3°45' పశ్చిమం (1995), ఏటా 9' తూర్పు అని ఉంది. 2025కి లెక్కగడితే 0°45' తూర్పు వస్తోంది. సూర్యుడి అజిమత్‌తో (దిశాకోణంతో) చూస్తే మాగ్నెటిక్ కంపాస్ ఎర్రర్, అంటే వేరియేషన్, డీవియేషన్ కలిపిన మొత్తం తప్పు, 4° పశ్చిమం. డీవియేషన్ కార్డులో (ఓడ ఇనుము వల్ల కంపాస్ ఎంత తప్పుతుందో చూపే పట్టికలో) ఈ హెడ్డింగ్‌కి 1½° పశ్చిమమే ఉంది. కార్డు సింగపూర్‌లో తయారైంది. మిగతా తేడా ఎక్కడిది?

చార్ట్_రూమ్: లెక్క కరెక్టే తమ్ముడూ. 30 × 9' అంటే 4°30' తూర్పుకి జరిగింది, అందుకే సున్నా దాటింది. ఇక్కడ గుర్తు మార్చకుండా పశ్చిమం అనే రాసేవాళ్లు చాలామంది. సున్నా వేరియేషన్ గీత 2019 సెప్టెంబరులోనే గ్రీనిచ్ చేరింది, ఆ తర్వాత ఇంకా పడమరకి జరిగింది.

కానీ ముప్పై ఏళ్ల పాత రేటుని నమ్మకు. భూమి బాహ్య కోర్‌లో కరిగిన ఇనుము ప్రవాహం మారేకొద్దీ ఏటా మార్పు కూడా మారుతుంది. భూ అయస్కాంత క్షేత్రాన్ని లెక్కగట్టే, ఐదేళ్లకని చేసిన 2015 వరల్డ్ మాగ్నెటిక్ మోడల్‌నే 2019 ఫిబ్రవరిలో మధ్యలో సవరించాల్సి వచ్చింది. కొత్త ఎడిషన్ చార్టు గానీ 2025 మోడల్ గానీ చూడు. మీ దగ్గర సుమారు 1° తూర్పు రావాలి. అంటే నీ డీవియేషన్ 5° పశ్చిమం.

బినకిల్: తేడా కార్డులో ఉంది. సింగపూర్‌లో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర బలం సుమారు 40 వేల నానోటెస్లాలు, ఛానెల్‌లో దాదాపు 20 వేలు. సూదిని ఉత్తరానికి లాగే బలం సగమైతే, ఓడ శాశ్వత అయస్కాంతత్వం తెచ్చే డీవియేషన్ రెట్టింపవుతుంది. అలా 1½° కాస్తా 3° దాకా పోతుంది.

మిగతాది నిలువు ఇనుము పని. సింగపూర్‌లో నిలువు బలం తక్కువ, పైగా దాని దిశ పైకి. ఛానెల్‌లో అది 40 వేలు దాటి కిందికి ఉంటుంది. చిమ్నీ, మాస్టు, బల్క్‌హెడ్‌లలో ప్రేరిత అయస్కాంతత్వం అందుకే మారిపోతుంది. దాన్ని సరిచేయాల్సింది ఫ్లిండర్స్ బార్ (కంపాస్ దగ్గర నిలువుగా పెట్టే ఇనుప కడ్డీ). దాని పొడవు సరిపోనప్పుడు తూర్పు, పడమర హెడ్డింగ్‌లలో తప్పు ఎక్కువగా, ఉత్తర, దక్షిణాల్లో తక్కువగా కనిపిస్తుంది. పక్కనున్న ఇనుప గోళాలకీ దీనికీ సంబంధం లేదు, వాటిని కదపొద్దు.

డెక్_క్యాడెట్: మరి కంపాస్ కింద ముందు-వెనుకగా అమర్చిన అయస్కాంతాలు కాస్త జరిపి 5°ని తగ్గించొచ్చా అన్నా?

బినకిల్: వద్దు. ఇక్కడ అయస్కాంతాలతో సున్నా చేస్తే, భూమధ్యరేఖ దగ్గరికి వెళ్లేసరికి అదే తప్పు ఎదురు దిశలో తేలుతుంది. ముందు గైరో (అయస్కాంతం లేని, తిరిగే చక్రంతో పనిచేసే కంపాస్) ఎర్రర్‌ని విడిగా తేల్చుకో. తర్వాత ప్రతి వాచ్‌లో (డ్యూటీ షిఫ్టులో), పెద్ద హెడ్డింగ్ మార్పు తర్వాత అజిమత్ తీసి సమయం, స్థానం, హెడ్డింగ్, వేరియేషన్, డీవియేషన్ కంపాస్ ఎర్రర్ బుక్కులో రాయి. సౌర తుఫాను ఉన్న రోజు రీడింగ్‌ని విడిగా గుర్తుపెట్టు, వేరియేషనే తాత్కాలికంగా ఊగుతుంది. రెండు వేర్వేరు అక్షాంశాల రీడింగులుంటే కంపాస్ అడ్జస్టర్ శాశ్వత భాగాన్నీ, నిలువు ఇనుము భాగాన్నీ విడదీసి బార్ పొడవు తేల్చగలడు. 5° వచ్చిందంటే మాస్టర్‌కి (ఓడ కెప్టెన్‌కి) ఈరోజే చెప్పు.

చార్ట్_రూమ్: ఓడ ఒరిగినప్పుడు కంపాస్‌లోని డిగ్రీల పలక అటూఇటూ ఊగుతుంటే అదీ రాసిపెట్టు. బినకిల్ (కంపాస్ ఉండే స్టాండు) కింద బకెట్‌లోని నిలువు అయస్కాంతం కూడా సింగపూర్ బలానికే అమర్చి ఉండొచ్చు.