ఇన్‌కాయిస్‌కి వచ్చిన అవార్డు సునామీ పనికా, చేపల కబురుకా?

ఉప్పాడ కుర్రోడు:
మా నాన్న ఫైబర్ బోటు మీద వేటకెళ్తారు. 2025 జనవరి 23న, నేతాజీ జయంతి రోజున, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉండే ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రానికి సుభాష్ చంద్రబోస్ ఆపదా ప్రబంధన్ పురస్కారం ప్రకటించారు కదా, సంస్థకి 51 లక్షలు. మొన్న ఆ సంగతి నాన్నకి చెప్తే ఆ పేరే ఎప్పుడూ వినలేదన్నారు. కానీ ఆయన ఫోన్లో రేవు పేరు, ఏ దిక్కుకెళ్ళాలి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని మెసేజ్ ఉంది, కింద ఇన్‌కాయిస్ అనే ఉంది! ఆ అవార్డు దీనికేనా?

బందరు వాసి:
తమ్ముడూ, అది విపత్తుల పనికి ఇచ్చింది. 2004 డిసెంబర్ 26 పౌర్ణమి, మా మంగినపూడి బీచ్‌లో స్నానాలకొచ్చిన జనాన్ని కెరటం లాక్కుపోయింది. సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక అల మన ఒడ్డుకి రావడానికి రెండు గంటల పైనే పట్టింది, అయినా చెప్పేవాళ్ళు లేరు, అదే ఇప్పటికీ నా బాధ. ఆ తర్వాత 2007 అక్టోబర్‌లో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు, ఇప్పుడు భూకంపం వచ్చిన పది నిమిషాల్లో సమాచారం ఇస్తారు, మనకే కాదు, హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న 28 దేశాలకి కూడా. పైలిన్, హుద్‌హుద్ తుఫాన్లప్పుడు కూడా వాళ్ళ సూచనలు పనికొచ్చాయి. ఆలస్యంగా వచ్చిన గౌరవమే అంటాను నేను.

విశాఖ సరంగు:
ఆ మెసేజ్ సంగతి నేను చెప్తా. శాటిలైట్ నుంచి సముద్రం పైనీళ్ళ వేడి చూస్తారు, రంగుని బట్టి నాచు ఎక్కడ ఎక్కువుందో చూస్తారు, వేడి నీళ్ళూ చల్ల నీళ్ళూ కలిసే చోట మేత ఉంటుంది, మేత ఉంటే కానాగంతలు, వంజరం చేరతాయి. మబ్బు పట్టిందంటే శాటిలైట్‌కి కిందనీళ్ళు కనపడవు, ఆ రోజు కబురు రాదు, మనోళ్ళు "ఆపేశారు" అనుకుంటారు, ఆపలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడూ ఇవ్వరు. నాకైతే చేపల కంటే అలల ఎత్తు చెప్పే కబురే ముఖ్యం, అది చూడకుండా నేను తాడు విప్పను.

ఉప్పాడ కుర్రోడు:
థాంక్స్ అన్నా, బాబాయ్ గారూ. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను, మంగినపూడి మాట దగ్గర కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ మెసేజ్‌లో ఉండే అక్షాంశం, రేఖాంశం అంకెలు జీపీఎస్‌లో ఎలా కొట్టాలో నేర్పించమన్నారు, ఇన్నాళ్ళూ దిక్కు చూసి అంచనాగా వెళ్ళేవారంట. రెండిట్లో ఏది ముందు కొట్టాలో కాస్త చెప్పండి.

విశాఖ సరంగు:
అక్షాంశం ముందు. మన దగ్గర 17తో మొదలవుతుంది, రేఖాంశం 82, 83 అలా ఉంటుంది. మెసేజ్‌లో డిగ్రీల తర్వాత నిమిషాలు, సెకన్లు ఉంటే జీపీఎస్ సెట్టింగ్ కూడా అలాగే మార్చు, లేకపోతే బోటు వేరే చోటికి పోతుంది.