అడవి దున్న వేటకి నా 3-12×56 స్కోపు పనికొస్తుందా?

కొత్తగురి:
వచ్చే సీజన్‌లో ఆఫ్రికాలో కేప్ బఫెలో, అంటే అక్కడి అడవి దున్న, వేటకి వెళ్తున్నాను. తుపాకీ .375 హెచ్ అండ్ హెచ్ (పెద్ద జంతువులకి వాడే తూటా), బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకీ చేత్తో పిడి లాగేది). జింకల వేటకి వాడే 3-12×56 స్కోపు (3 నుంచి 12 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 56 మిల్లీమీటర్లు) నా దగ్గర ఉంది, అద్దం చాలా శుభ్రంగా ఉంటుంది. దాన్నే ఎక్కిద్దామంటే నాతో వస్తున్న మిత్రుడు ఒప్పుకోవడం లేదు. "దాంతో నీకు దున్న కనపడదు, దాని వెంట్రుకలు కనపడతాయి" అంటున్నాడు. వాడి మాటల్లో సగం కోతలే ఉంటాయి, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

పొదలచాటు:
ఈసారి కోత కాదండీ, నాకు జరిగిందే. మొదటి గుండు 70 మీటర్ల నుంచి, కర్రల మీద ఆనించి, 5ఎక్స్‌లో పేల్చాను. తగిలింది కానీ దున్న పడలేదు, పొదల్లోకి దూరింది. గంట సేపు జాడ పట్టుకుని వెళ్ళాం. పదిహేను మీటర్ల దూరంలో లేచింది. తుపాకీ ఎత్తితే స్కోపంతా నలుపు. అది తలో, భుజమో, పిరుదో తెలియలేదు. 5ఎక్స్ నుంచి కిందికి తిప్పడం మర్చిపోయాను. పక్కనున్న ప్రొఫెషనల్ హంటర్ తన రెండు గొట్టాల డబుల్ రైఫిల్‌తో పేల్చబట్టి ఇప్పుడు ఇది రాస్తున్నాను.

లెక్క వేసి చూడండి. 3ఎక్స్‌లో 100 మీటర్ల దగ్గర సుమారు 12 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. 15 మీటర్ల దగ్గరైతే రెండు మీటర్లు కూడా ఉండదు. దున్న ఒళ్ళే అంతకన్నా పొడుగు. అంటే మీ స్కోపుని ఎంత కిందికి తిప్పినా చాలదు. నేనిప్పుడు 1-6×24 వాడుతున్నాను. 1ఎక్స్‌లో రెండు కళ్ళూ తెరిచే గురి చూడొచ్చు. జాడ పట్టి నడిచేటప్పుడు పవర్ మార్చే రింగు 1 మీదే ఉంటుంది. దూరం నుంచి పేల్చాల్సి వస్తే పైకి తిప్పుకునే టైమ్ ఎలాగూ దొరుకుతుంది. కిందికి తిప్పే టైమే దొరకదు.

కనుబొమ్మమచ్చ:
నా పేరు చూస్తేనే తెలుస్తుంది కదా 🙂 .416 రిగ్బీ, ఎగువకి పేల్చాను. కంటికీ స్కోపుకీ మధ్య ఉండాల్సిన దూరం, అదే ఐ రిలీఫ్, నా పాత స్కోపుకి 80 మిల్లీమీటర్లు కూడా లేదు. కనుబొమ్మ చిట్లింది, కుట్లు పడ్డాయి. అది మానిపోయింది లెండి. ఆ తర్వాత రెండేళ్ళ పాటు ట్రిగ్గర్ మీద వేలు పెడితే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. అసలు నష్టం అదీ. 90 నుంచి 100 మిల్లీమీటర్లు ఉన్నదే తీసుకోండి. పవర్ పెంచితే ఈ దూరం తగ్గే స్కోపులు కూడా ఉంటాయి, రెండు చివర్లా చూడండి.

పాతకాపు:
ఏనుగు దగ్గరికి ఇరవై మీటర్లకి వెళ్ళి ఐరన్ సైట్స్‌తో, అంటే అద్దం లేని ఉత్త గురి పూసలతో, పేల్చిన వాళ్ళం మేము. ఈ అద్దాల గోలేమిటో నాకు అర్థం కాదు.

రెండుపొద్దులు:
పాతకాపు గారూ, ఏనుగుకి మీ మాటే కరెక్ట్. యాభై దాటిన నా కళ్ళకి మాత్రం వెనక గీత, ముందు పూస, దున్న, మూడూ ఒకేసారి ఆనవు. స్కోపులో అయితే అన్నీ ఒకే తలంలో కనిపిస్తాయి. వయసు రీత్యా కూడా ఇది సౌకర్యమే.

కొత్తగురి గారూ, 56 అద్దం మసక వెలుతురు కోసం పెట్టింది. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం వెడల్పు వస్తుంది. 24 అద్దంతో 4ఎక్స్‌లోనే 6 మిల్లీమీటర్లు. పగటిపూట కంటిపాప అంతకూడా తెరుచుకోదు. చిరుతకైతే లెక్క వేరు. ఎర దగ్గర, చాటులో కూర్చుని, చీకటి పడే వేళ పేలుస్తారు. అక్కడ పెద్ద అద్దం, వెలిగే చుక్క రెండూ కావాలి. మీ స్కోపు అప్పటికి దాచుకోండి.

మరలపని:
స్కోపు గురించి ఇంత మాట్లాడారు, మౌంట్ గురించి, అంటే స్కోపుని తుపాకీకి పట్టి ఉంచే బిగింపు గురించి, ఒక్కరూ మాట్లాడలేదు! నా దగ్గరికి రిపేరుకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం అద్దం తప్పు కాదు, మరల తప్పు. .375 వెనక్కి కొట్టే దెబ్బ మామూలు జింకల తూటా .30-06 కన్నా దాదాపు రెట్టింపు. ఆ కుదుపులో బరువైన స్కోపు ముందుకు జారాలని చూస్తుంది. 56 అద్దానికి స్కోపుని పట్టే రింగులు ఎత్తుగా పెట్టాలి, చెంప తుపాకీ కర్ర మీద నుంచి లేస్తుంది, అదొక చిక్కు.

మరల జిడ్డు తుడిచి, బిగింపు కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌తో తయారీదారు చెప్పినంతే బిగించండి. అరచేతి బలంతో కాదు. లివర్ తిప్పితే ఊడొచ్చే క్విక్ డిటాచ్ మౌంట్ పెట్టించండి. అద్దం పగిలినా, వాన పడినా తీసేసి ఐరన్ సైట్స్‌తో పని కానివ్వచ్చు. అప్పుడు పాతకాపు గారు కూడా సంతోషిస్తారు. కొన్నాక ఐదుసార్లు తీసి పెట్టి, ప్రతిసారీ పేల్చి చూడండి. గుండ్లు ఒకే చోట పడకపోతే ఆ మౌంట్ తిరిగిచ్చేయండి. వేట చోటికి చేరాక కూడా మొదటి పని గురి సరిచూడడమే. ప్రయాణంలో ఆ పెట్టెని ఎవరెలా విసిరారో మనకేం తెలుసు?

కొత్తగురి:
అందరికీ థాంక్స్. ఇంకో డౌట్. గురి గీతలు ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో (పవర్‌తో పాటు గీతలూ మారేది) ఉన్నదా, సెకండ్‌లో (గీతలు మారనిది) ఉన్నదా? వెలిగే చుక్క బ్యాటరీ అయిపోతే?

పొదలచాటు:
సెకండే. ఫస్ట్‌లో పవర్ తగ్గించే కొద్దీ గీతలు కూడా సన్నబడతాయి, 1ఎక్స్‌లో నల్లటి ఒంటి మీద వెతుక్కోవాలి. మూడు లావు గీతల జర్మన్ నంబర్ 4 అనే గురి గుర్తు చాలు, మధ్యలో ఎండలో కూడా కనిపించే ఎర్ర చుక్క ఉంటే మరీ మంచిది. బ్యాటరీ పోయినా గీతలు ఎక్కడికీ పోవు కదా. ట్రిజికాన్ ఆక్యుపాయింట్ 1-4×24 లాంటివైతే పగటి వెలుగుని పట్టే ఫైబర్, తనంతట తానే మెరిసే ట్రిటియంలతో వెలుగుతాయి, బ్యాటరీ గొడవే లేదు. వెలిగే సైట్లకి అక్కడి రూల్స్ ఒప్పుకుంటాయో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

కనుబొమ్మమచ్చ:
కొనేముందు ఒక పరీక్ష. ఖాళీ తుపాకీ, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, కళ్ళు మూసుకుని భుజానికెత్తండి. తర్వాత కళ్ళు తెరవండి. తల కదపకుండానే నిండు వృత్తం కనపడాలి.

కొత్తగురి:
చేశాను. నా 56తో పదిసార్లలో ఏడుసార్లు అంచున నల్లటి నెలవంకే కనిపించింది. 1-6×24తో ఒక్కసారి కూడా రాలేదు. ఆ రెండోది మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. ఎందుకో మాత్రం ఇంకా చెప్పలేదు.