డ్రైవర్ రాసేవాళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్ ఇవ్వాలా? ఈ చిక్కులో దారి చెప్పండి

అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యలో కొలత పరికరాలు చేసే చిన్న కంపెనీలో ఉన్నాను. మా యూఎస్‌బీ పరికరానికి విండోస్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) నేనే రాస్తాను. ల్యాప్‌టాప్ మూత వేసి తెరిస్తే పదిసార్లకు ఒకసారి విండోస్ కూలిపోయి నీలి తెర: డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. తప్పు నా కోడ్‌లోనే ఉంటుంది, కానీ మూడు వారాలుగా దొరకట్లేదు. డ్రైవర్ తప్పులు పట్టే విండోస్ సాధనం డ్రైవర్ వెరిఫయర్ ఆన్ చేస్తే అసలు రానే రాదు!

2015లో మైక్రోసాఫ్ట్ డబ్ల్యూడీఎఫ్ (డ్రైవర్లు రాయడానికి ఇచ్చే ఫ్రేమ్‌వర్క్) సోర్స్ గిట్‌హబ్‌లో పెట్టింది. ఎంత మేలో! విన్‌డీబీజీ డీబగ్గర్‌లో నా రిక్వెస్ట్ వెంట లైను లైనూ చూసుకుంటూ వెళ్లాను. ఫ్రేమ్‌వర్క్ దాటి కిందికి దిగగానే సోర్స్ లేదు, ఉత్త అసెంబ్లీ (మెషీన్ స్థాయి కోడ్). లైనక్స్‌లో అయితే అనుమానం వస్తే యూఎస్‌బీ కోర్ ఫైలే తెరిచి చదువుకునేవాణ్ణి, పూటలో తేలిపోయేది.

అందుకే కనీసం చదవడానికైనా విండోస్ కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ లాంటి భాగం) సోర్స్ ఇవ్వాలంటాను. మా సీనియర్ ఒప్పుకోరు. "లోపలిది చూస్తే దాని మీదే ఆధారపడతావు, రేపు వాళ్లు మారిస్తే నీ డ్రైవర్ గోవిందా" అంటారు. అందులోనూ నిజముంది. లైనక్స్ కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లకు స్థిరత్వ హామీ లేదు, మా లైనక్స్ డ్రైవర్‌ను రెండుసార్లు సరిచేయాల్సి వచ్చింది.

మీరేమంటారు? సోర్స్ లేకుండా, పవర్ ఐఆర్‌పీ (నిద్రపో, మేలుకో అని విండోస్ డ్రైవర్లకు పంపే రిక్వెస్ట్) ఎక్కడ ఆగిపోయిందో ఎలా పట్టుకుంటారు? క్రాష్ డంప్‌లో (కూలినప్పుడు సేవ్ అయ్యే మెమరీ ఫైల్) ముందు ఏం చూడాలో చెప్పినా చాలు.