మొదటి మీటింగ్: హాల్లోనా, ఆన్‌లైన్‌లోనా?

వేకువ:
తాగుడు మానాలనుకుంటున్న మనిషి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేందుకు ఒకరికొకరు తోడుండే సంఘం) వాళ్ల మొట్టమొదటి మీటింగ్‌కు ఎక్కడికి వెళ్లాలి? నా మట్టుకు హాలుకే అంటాను. మీటింగ్ గంటో గంటన్నరో ఉంటుంది. అసలు మేలు జరిగేది దానికి ముందు పావుగంటలో, అయిపోయాక కుర్చీలు సర్దే పావుగంటలో. పాతవాళ్లు పక్కకొచ్చి పలకరించి ఫోన్ నంబర్లు ఇచ్చేది అప్పుడే. ఆన్‌లైన్‌లో మీటింగ్ నడిపే హోస్టు ఆపేయగానే గది మాయం. రాత్రి పదింటికి మనసు మందు వైపు లాగితే ఫోన్ చేయడానికి ఒక్క నంబరూ ఉండదు. వైద్య అధ్యయనాల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2020లో తెచ్చిన సమీక్ష కూడా ఏఏ పనిచేస్తుందనే తేల్చింది కదా.

చెరువుగట్టు:
ఆ సమీక్షను ఇక్కడికి తేకండి వేకువ గారూ. అది 27 అధ్యయనాల్ని, 10,565 మందిని చూసిన మాట నిజం. పూర్తిగా మానేసి అలాగే కొనసాగడంలో ఏఏ, మనుషుల్ని దానికి జతచేసే పన్నెండు మెట్ల (మానేందుకు ఏఏ చెప్పే క్రమం) చికిత్స మిగతా చికిత్సలకంటే మెరుగ్గా ఉన్నాయన్నదీ నిజమే. కానీ హాలు గొప్పదా, తెర గొప్పదా అన్నది అది తూచలేదు.

ఇక గుమ్మం దాకా వెళ్లి, తెలిసినవాళ్లు చూస్తారేమోనని వెనక్కి వచ్చేవాళ్ల మాటేమిటి? చిన్నపిల్లల్ని వదిలి కదలలేని తల్లి మాటేమిటి? వాళ్లకు ఆన్‌లైనే గుమ్మం. అయితే జాగ్రత్తలున్నాయి. కెమెరా ఆపితే చాలదు, అకౌంట్‌లో ఉన్న పూర్తి పేరు తెరమీద కనబడుతుంది. చేరకముందే దాన్ని మార్చుకోవాలి. జాబితాలో ఉన్న వేళ ఏ దేశపు గడియారం ప్రకారమో చూడాలి. కొత్తవాళ్లు తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే. లోపలికి వెళ్లాక హోస్టుకు విడిగా 'ఇది నా మొదటి మీటింగ్, అయ్యాక ఎవరితోనైనా మాట్లాడొచ్చా' అని రాస్తే చాలు. చాలా గ్రూపులు మీటింగ్ ముగిశాక కూడా గది తెరిచే ఉంచుతాయి. నంబర్లు అక్కడా దొరుకుతాయి.

ఆకురాయి:
మీరిద్దరూ ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. రోజూ ఎక్కువగా తాగే మనిషి మీటింగ్ కోసమని ఉన్నపళంగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల మధ్య మూర్ఛలు రావచ్చు. 48 నుంచి 72 గంటలప్పుడు కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది: మతి తప్పడం, లేనివి కనబడటం, తీవ్రమైన జ్వరం. ఇంతకుముందు మానినప్పుడు మూర్ఛ వచ్చినవాళ్లు ముందు డాక్టరును కలవాల్సిందే.

అలాగని మీటింగ్ వాయిదా వేయక్కర్లేదు. ఏఏలో చేరడానికి ఒకే ఒక్క అర్హత, తాగుడు ఆపాలన్న కోరిక. ఇంకా తాగుతున్న మనిషి కూడా వెళ్లి వెనక కుర్చీలో కూర్చుని వినొచ్చు. డాక్టరు రాసిన మాత్రలు మానేయమని అక్కడెవరైనా చెబితే మాత్రం వినకండి. అది వాళ్లు చెప్పాల్సిన మాట కాదు.

దారిదీపం:
హాలుకు వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పాత జాబితాల వల్లే. వేరెవరో పెట్టిన వెబ్‌సైట్‌లో చూసి వెళితే తాళం వేసిన తలుపు ఎదురవుతుంది. ఆ ఒక్క తలుపే కొందరిని మళ్లీ రాకుండా చేస్తుంది, అందుకే ఇంతగా చెబుతున్నా. ఏఏ సొంత సైట్‌లోనో, వాళ్ల మీటింగ్ గైడ్ యాప్‌లోనో చూసి, అక్కడి నంబరుకు ఫోన్ చేసి 'ఈ వారం ఉందా, ఏ గది, లోపలికి ఏ ద్వారం' అని అడగండి. అదే రోజుకు రెండో మీటింగ్ ఒకటి చూసి పెట్టుకోండి.

'ఓపెన్' అంటే ఎవరైనా రావచ్చు. 'క్లోజ్డ్' అంటే తాగుడు సమస్య ఉండి మానాలనుకునేవారికే. భార్యనో తమ్ముణ్ణో వెంటబెట్టుకుని క్లోజ్డ్‌కు వెళితే తోడొచ్చినవాళ్లు బయటే ఆగాలి. ఇంటివాళ్లకు అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది, 1951 నుంచీ. నోరు విప్పడానికి భయపడేవారు స్పీకర్ మీటింగ్ వెతుక్కోవాలి, అక్కడ వినడమే పని. రుసుం లేదు. బుట్ట తిప్పుతారు, కొత్తవాళ్లు అందులో ఏమీ వేయనక్కర్లేదు.

ఏఏ మెట్లలో వచ్చే దేవుడి ప్రస్తావన గొంతు దిగనివారికి స్మార్ట్ రికవరీ అనే మరో సంస్థ మీటింగ్‌లు ఉన్నాయి. శిక్షణ పొందినవారు నడుపుతారు, ఆలోచనల్ని పరిశీలించే పద్ధతి, ఏఏలోలా స్పాన్సర్ (కొత్తవారికి తోడుండి దారి చూపే పాత సభ్యుడు) ఉండరు.

వేకువ:
కాక్రేన్ విషయంలో చెరువుగట్టు గారిదే సరైన మాట, నేను తొందరపడ్డాను. హాలు మీటింగ్ మూడు రోజుల తర్వాతే ఉంటే ఈ రాత్రికి ఆన్‌లైన్ చూసుకోమనే చెబుతాను. కానీ వారంలోపు ఒక్కసారైనా హాలుకు వెళ్లాలి. తెరమీద మౌనంగా మాయమైపోవడం మరీ తేలిక, రాలేదని ఎవరికీ తెలియదు.

చెరువుగట్టు:
వారమన్న గడువు దగ్గరే నాకు పేచీ. ఆన్‌లైన్‌లో ఒకే గ్రూపుకు ఒకే వేళకు క్రమంగా వస్తే అక్కడా రాలేదని గమనించి అడుగుతారు. రోజుకో గ్రూపు మార్చేవారు హాల్లోనైనా మాయమవుతారు. మొదట ఐదారు రకాల మీటింగ్‌లు చూసి, ఒకటి ఎంచుకుని, అక్కడివాళ్లవి కనీసం మూడు నంబర్లు ఫోన్‌లో వేసుకోండి. తాగాలనిపించని రోజునే ఒకసారి ఫోన్ చేసి చూడండి. అప్పుడైతేనే అసలు అవసరం వచ్చిన రోజు వేలు కదులుతుంది.