బెజవాడ, గుంటూరు వైపు పాత హెడ్‌ఫోన్లు బాగుచేసి వింటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సత్యన్నారాయణపురం_శ్రోత

అందరికీ నమస్తే. మా పెదనాన్న కువైట్ నుంచి తెచ్చుకున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 414 అటక మీద దొరికింది. 1968లో వచ్చిన మోడల్, వెనక మూత లేని ఓపెన్ హెడ్‌ఫోన్లలో మొట్టమొదట మార్కెట్లోకి వచ్చింది ఇదేనట. పసుపు స్పాంజి ప్యాడ్లు ముట్టుకుంటే చాలు పొడి రాలుతోంది, ఫోన్‌కి కన్వర్టర్ వేసి పెడితే పలుకుతోంది గానీ సౌండ్ చాలా తక్కువ, బేస్ అసలు లేదు. యూట్యూబ్‌లో ఒకాయన వైరు మార్చమంటాడు, ఇంకొకాయన కప్పు విప్పి దూది కూరమంటాడు. మార్పులు చేస్తే నిజంగా తేడా వస్తుందా, లేక జ్ఞాపకంగా దాచుకోవడమే మంచిదా? ఇక్కడ ఎవరు చేస్తారో కూడా తెలియదు. చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గుంటూరు_ఘాటు

ముందు ఆ వైరు మార్చమన్న వీడియో కట్టేయండి బ్రదర్. తెగకపోతే వైరు జోలికి పోవద్దు. వెండి వైరు వేస్తే గొంతులో తేనె కారుద్దని చెప్పి అమ్మే బ్యాచ్ అది.

టంకం_బాబాయ్

అరండల్‌పేటలో చాలాకాలం రేడియోలు, టేప్‌రికార్డర్లు రిపేరు చేసి మానేశాను, చెయ్యి ఊరుకోక ఇప్పుడు తెలిసినవాళ్ల హెడ్‌ఫోన్లు చూస్తుంటాను. బాబూ, మీ సెట్టు పాడవలేదు. ఆ పాత 414 రెండు వేల ఓమ్స్‌ది, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం దాంట్లో చాలా ఎక్కువ. ఫోన్ ఒక వోల్టు ఇస్తుందనుకుందాం, మామూలు 32 ఓమ్స్ ఇయర్‌ఫోన్ అయితే దాదాపు 31 మిల్లీవాట్లు లాగుతుంది, మీదానికి దక్కేది అర మిల్లీవాటు. ఇక సౌండ్ ఎక్కడినుంచి వస్తుంది? ఇంట్లో పాత స్టీరియో రిసీవరో, ఆంప్లిఫయరో ఉంటే దాని లావు పిన్ను సాకెట్‌లో పెట్టి చూడండి, వేరే హెడ్‌ఫోనేమో అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆంప్లిఫయర్లలో స్పీకర్ లైను నుంచే కొన్ని వందల ఓమ్స్ రెసిస్టర్ అడ్డంపెట్టి హెడ్‌ఫోన్ సాకెట్‌కి ఇచ్చేవారు. మీ రెండు వేల ముందు అదొక లెక్క కాదు. అదే సాకెట్‌లో ఇప్పటి 32 ఓమ్స్‌వి పెడితే చాలావాటికి బేస్ ఉబ్బి బురదగా వినిపిస్తుంది. ఈ సంగతి తెలియక "పాత ఆంప్ బాగోలేదు" అని తూకానికి వేసేస్తారు జనం.

మల్టీమీటర్‌తో రెండు వైపులా కొలవండి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే లోపలి తీగచుట్ట, అదే కాయిల్, బాగున్నట్టే. ఒకవైపు ఏమీ చూపించకపోతే చాలాసార్లు వైరు తెగి ఉంటుంది, డ్రైవర్ (కప్పు లోపల శబ్దం పుట్టించే భాగం) కాదు, కాబట్టి భయపడొద్దు. ఇంకో గుర్తు చెప్తాను, పాటలో గాయకుడి గొంతు మాయమైపోయి వాయిద్యాలు మాత్రం గుహలోంచి వచ్చినట్టు వినిపిస్తే పిన్నులో గ్రౌండ్ ఊడిపోయిందని అర్థం. కొందరు దాన్ని ఎఫెక్ట్ అనుకుని మురిసిపోతారు కూడా.

మళ్లీ సోల్డర్ చేయాల్సి వస్తే, కొన్ని వైర్లలో సన్నటి రంగు పోగులుంటాయి, వాటి మీద ఎనామిల్ పూత ఉంటుంది, సీసం అంటదు. బ్లేడుతో మెల్లగా గీకండి, లేదా ఐరన్ కొస మీద సీసం బొట్టు పెట్టి అందులో ముంచి పొగ వచ్చేదాకా ఉంచండి. డ్రైవర్ కాళ్ల దగ్గర మాత్రం ఐరన్ ఎక్కువసేపు ఆనించకండి, ప్లాస్టిక్ కరిగిందంటే ఇక ఆ డ్రైవర్ మీద ఆశ వదులుకోవాలి.

సత్యన్నారాయణపురం_శ్రోత

బాబాయ్ గారూ చాలా థ్యాంక్స్. మల్టీమీటర్ పక్కింటి ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంది, చూస్తాను. మరి బేస్ సంగతి?

పాత_సరుకు

బేస్ విషయంలో ఆశలు తగ్గించుకోండి, అది చెవి మీద ఆనే ఓపెన్ రకం, దాని అందం గొంతులో ఉంది. ఉన్న బేస్ కూడా ప్యాడ్ మీదే ఆధారపడి ఉంటుంది. స్పాంజి నలిగి పల్చబడితే డ్రైవర్ చెవికి ఆనుకుని సౌండ్ గీరుతుంది. పాలియురెథేన్ ఫోమ్‌ని గాలిలో తేమే తినేస్తుంది, వాడినా వాడకపోయినా ఒకటే, మన బెజవాడ ఉక్కకి ఇంకా తొందరగా. అందుకే "సీల్ విప్పని పాత ప్యాడ్లు" అని ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్మితే కొనకండి, డబ్బాలోనే పొడి అయిపోయి ఉంటాయి. కొత్తగా చేసినవే తీసుకోండి. 414 పసుపు ప్యాడ్లకి విడిగా గిరాకీ ఉంది, గ్రాడో హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్లు కూడా వాటికి మధ్యలో బొక్క కోసి వాడుతుంటారు.

నా దగ్గర ఉన్నది యమహా హెచ్‌పీ-1, 1976ది, ఇటలీ డిజైనర్ మారియో బెల్లీని గీసిన ఆకారం. జపాన్ నుంచి తెప్పించాను, కస్టమ్స్ వాళ్లకి కట్టింది మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఇది ఆర్థోడైనమిక్ రకం. అంటే మామూలు కాయిల్, కోన్ ఉండవు, పల్చటి పొర మీదే తీగలా ముద్రించి దానికి రెండువైపులా చిల్లుల అయస్కాంతాలు పెడతారు. ఇలాంటివాటికి అసలు మంత్రం డ్యాంపింగ్. పొర వెనకాల గాలి ఎంత స్వేచ్ఛగా కదులుతుందో దాన్నిబట్టి బేస్ మారుతుంది. నాది వచ్చినప్పుడు లోపలి పాత గుడ్డ శిథిలమై బేస్ ఒకచోట ఉబ్బి, కింద ఏమీ లేకుండా ఉంది. వన్‌టౌన్‌లో కుట్టుపని సామాను అమ్మే కొట్లో పల్చటి ఫెల్ట్ గుడ్డ కొని గుండ్రంగా కోసి వెనక ఒక పొర వేశాను. మృదంగం తొప్పి వైపు దెబ్బ పడి ఆగడం తెలిసింది, అంతకుముందు దెబ్బ తర్వాత గుయ్‌మని సాగేది. రెండో పొరకి ఇంకాస్త బిగిసింది. ఉత్సాహం ఆగక మూడోది కూడా వేసి చూస్తే అట్టపెట్టె మీద కొట్టినట్టు చచ్చిపోయింది, తీసేశాను. అందుకని జిగురు పెట్టి అంటించొద్దు, ఊరికే ఆనించి వినండి, నచ్చాకే స్థిరం చేయండి. వెనక చిల్లులు కొన్ని మూసి చూడాలంటే మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపు చాలు, దాంట్లోంచి గాలి కొంచెం కొంచెం పోతుంది, నచ్చకపోతే మరక లేకుండా ఊడొస్తుంది.

దూది మాత్రం ఎవరు చెప్పినా డ్రైవర్‌కి తగిలేలా పెట్టకండి. ఒక్క పోగు లోపలికి పోయిందా, ప్రతి బేస్ దెబ్బకీ జర్‌మంటుంది.

మైలార్_మనిషి

పైన అందరూ చెప్పింది బాగుంది గానీ ఒకటి అడుగుతాను, మార్చాక బాగుపడిందని ఎలా తెలిసింది? మీ మీద కోపం కాదు పాత_సరుకు గారూ, మీ ఫెల్ట్ ప్రయోగం నిజమేనని నమ్ముతాను, నేనూ చేశాను. కానీ విప్పి, మార్చి, మళ్లీ బిగించి వినేసరికి అరగంట అవుతుంది, ఇంతకుముందు ఎలా ఉందో అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? పైగా పని చేసిన చెయ్యి మనది కాబట్టి బాగుందనే అనిపిస్తుంది. సౌండ్ ఒక్క డెసిబెల్ పెరిగినా చెవికి "ఇంకా స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది, అది మార్పు గొప్ప కాదు, వాల్యూమ్ గొప్ప.

నా పద్ధతి చెప్తాను, పైసా ఖర్చు లేదు. ఒక్క కప్పే మార్చండి, రెండోదాన్ని ముట్టుకోకండి. ఫోన్‌లో మోనో (రెండువైపులా ఒకే శబ్దం) ఆన్ చేసి బ్యాలెన్స్ అటూ ఇటూ జరుపుతూ వినండి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే దొరుకుతాయి. ఒకవైపు గట్టిగా ఉంటే ముందు రెండూ సమానంగా వినపడేదాకా బ్యాలెన్స్ సర్దుకుని, అప్పుడు తేడా వెతకండి. మార్చకముందు రెండు వైపులూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవడం మర్చిపోవద్దు, పాత సెట్లలో ముందే తేడా ఉంటుంది. ఆ తేడా సెట్టుదా మన చెవిదా తెలియాలంటే హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకోండి. తక్కువ వినపడే వైపు కూడా మారితే సెట్టుది, మారకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి.

కొలవాలనుకుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చెక్కముక్కకి బొక్కపెట్టి చిన్న మైకు పైభాగంతో సమానంగా దించి, మీద మెత్తటి రెక్సిన్ వేసి, దాని మీద కప్పు ఆనించి స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరందాకా జారే శబ్దం) పెట్టండి. ప్రతి కొలతకీ కప్పు ఎత్తి మళ్లీ పెట్టండి, కొంచెం జరిగినా గీత మారిపోతుంది, కొన్ని తీసి సగటు చూడండి. ఈ చెక్కముక్క మీ చెవి కాదు, కాబట్టి ఆ గీత చూసి ఈ హెడ్‌ఫోన్ మంచిదా చెడ్డదా అనకూడదు. ముందూ వెనకా తేడా చూడ్డానికే పనికొస్తుంది. ఎనిమిది వేల హెర్ట్జ్ పైన వచ్చే గుట్టలూ గోతులూ చూసి టెన్షన్ పడొద్దు, వాటిలో సగం మైకు చోటువల్ల వచ్చేవే.

అన్నట్టు, ఫ్యాన్ ఆపి కొలవండి. మే నెలలో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు.

గుంటూరు_ఘాటు

ఫ్యాన్ ఆపి వినేంత భక్తి మనకి లేదు సామీ. మరి రెండు వందల గంటలు పాటలు మోగిస్తే హెడ్‌ఫోన్ "తెరుచుకుంటుంది" అంటారుగా, దాని సంగతేంటి?

మైలార్_మనిషి

ముప్పై, నలభై ఏళ్ల కిందటి హెడ్‌ఫోన్ ఇంకా తెరుచుకోకపోతే ఇక తెరుచుకోదు. అలవాటు పడేది మన చెవి.

పాత_సరుకు

దీంట్లో మాత్రం ఒప్పుకోను. కొత్త ప్యాడ్లు వేసిన మొదటి వారానికీ తర్వాతకీ తేడా ఉంటుంది, ఫోమ్ తల ఆకారానికి నలిగి సీల్ కుదురుతుంది. డ్రైవర్ సంగతి నాకనవసరం.

మైలార్_మనిషి

ప్యాడ్ అంటే సరే, అది కొలతలో కూడా కనిపిస్తుంది.

వీణ_తీగ

నేను బ్రాడీపేట. మా అన్నయ్య వదిలి వెళ్లిన ఏకేజీ కె240, 600 ఓమ్స్‌ది వాడుతున్నాను. టెక్నికల్ సంగతులు బాబాయ్ గారికి వదిలేస్తాను గానీ, ఏం పెట్టి వినాలో చెప్తాను, ఎందుకంటే అందరూ డమడమ బేస్ పాటలు పెట్టి తీర్పు చెప్పేస్తారు. మనకి బాగా తెలిసిన శబ్దం పెట్టాలి. నేను వీణ వాయిస్తాను కాబట్టి వీణ రికార్డింగ్ పెట్టుకుంటాను. మంద్రం తీగ మీటినప్పుడు మొదట గోటి చప్పుడు, తర్వాత నాదం, ఆ తర్వాత గమకం సాగడం విడివిడిగా తెలియాలి. పక్కన తాళం తీగలు వేరేగా మోగాలి, వీణ శబ్దంలో కలిసిపోకూడదు. ఇవి ఏమీ రాకపోతే రేడియోలో తెలుగు వార్తలు పెట్టుకోండి, ఇదింకా మంచి పరీక్ష. శ, ష, స మూడూ వేరువేరుగా వినపడి, ఏదీ చెవిలో గుచ్చుకోకూడదు. "స" వచ్చినప్పుడల్లా ఈల వేసినట్టుంటే పై స్వరాల దగ్గర ఎక్కడో గుట్ట ఉన్నట్టే. మగ గొంతు పీపాలోంచి వస్తే కింద ఎక్కువైనట్టు.

కె240కి రెక్సిన్ ప్యాడ్లు తీసి వెల్వెట్‌వి వేయించాను. చెమట తగ్గింది, అది చాలా సుఖం. కానీ బేస్ కూడా కొంచెం పల్చబడింది, గుడ్డలోంచి గాలి పోతుంది కదా. ఇప్పుడు రాత్రి కచేరీలకి రెక్సిన్, పగలు వెల్వెట్. పిచ్చి అనుకోండి.

సింగ్‌నగర్_కుర్రోడు

బాబాయ్ గారూ, నాదొక కేసు చూడండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి మా ఇంట్లో అన్నిటితోపాటు నాన్నగారి సోనీ ఎండీఆర్-వీ6 కూడా మునిగింది. ఆరబెట్టాక ఒక షాపుకి తీసుకెళ్తే వాళ్లు బురద పోవాలని గాలి బ్లోయర్ కొట్టారు. ఇప్పుడు ఎడమవైపు బాగానే ఉంది, కుడివైపు బేస్ వచ్చినప్పుడల్లా గరగరమంటోంది. ప్యాడ్ల నల్ల తోలు కూడా పెచ్చులు పెచ్చులుగా చెవులకి అంటుకుంటోంది.

టంకం_బాబాయ్

అయ్యో. బ్లోయర్ గాలి ఆ పల్చటి పొరకి ఎక్కడ తట్టుకుంటుంది నాయనా, అయితే ముడత పడి ఉంటుంది లేదా బురద నలుసు కాయిల్ సందులో చేరి ఉంటుంది. ప్యాడ్ తీసి టార్చి వేసి చూడండి. సొట్ట కనిపిస్తే, అరచెయ్యి కప్పుకి బిగించి ఆనించి మెల్లగా వెనక్కి తీస్తే చాలాసార్లు దానంతటదే పైకి వస్తుంది. సూది పెట్టి లాగొద్దు, నోటితో ఊదొద్దు. సొట్ట లేకుండా గరగర ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీ టోన్ చిన్న సౌండ్‌లో పెట్టి, కప్పు బోర్లించి వెనక నుంచి వేలితో తట్టి చూడండి, నలుసైతే రాలే అవకాశం ఉంది. అదీ కాకపోతే సందులో తుప్పు, అప్పుడు డ్రైవర్ మార్చడమే. ఇంకెవరికైనా వరదనీళ్లు తగిలితే ఆరకముందే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరబెట్టండి, హెయిర్ డ్రయర్ వద్దు. ప్యాడ్లకి బెంగ లేదు, సోనీ వాళ్లదే ఎండీఆర్-7506 అని ఇంకో మోడల్ ఉంది, దాని ప్యాడ్లే వీ6కి సరిపోతాయి, ఆ మోడల్ 1991లో వచ్చినా ప్యాడ్లు ఇప్పటికీ దొరుకుతాయి.

పాత_సరుకు

ఆన్‌లైన్‌లో దొరకని సైజు అయితే ఆటోనగర్‌లో బైకు సీటు కవర్లు కుట్టేవాళ్లని అడగండి. పాత ప్యాడ్ విప్పి అట్ట మీద గీసి ఇస్తే మెత్తటి రెక్సిన్‌తో కుట్టిచ్చారు నాకు. మొదట నవ్వుతారు, తర్వాత ఉత్సాహం వాళ్లకే ఎక్కువవుతుంది. కుట్టు లోపలివైపు రావాలని, లోపలి ఫోమ్ ఎత్తు పాతదానికి సమానంగా ఉండాలని గట్టిగా చెప్పండి. మెత్తగా ఉంటుందని ఎత్తు పెంచితే డ్రైవర్ చెవికి దూరమై గొంతు వెనక్కి పోతుంది.

సత్యన్నారాయణపురం_శ్రోత

అప్‌డేట్. మల్టీమీటర్‌లో రెండు వైపులా దాదాపు సమానం. మామయ్య వాళ్లింట్లో పాత రిసీవర్‌కి పెట్టి విన్నాను, బాబాయ్ గారు చెప్పినట్టే సౌండ్‌కి ఇప్పుడు కొదవ లేదు, గొంతు అయితే అద్భుతం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే గుర్రుమని మోత మొదలైంది, అది హెడ్‌ఫోన్‌దా?

టంకం_బాబాయ్

కాదు, మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయ్యుంటుంది, అంటే దాని కరెంటు నున్నటి అలలా కాకుండా మెట్లుమెట్లుగా వస్తుంది. కరెంటు వచ్చాక వినండి.

సత్యన్నారాయణపురం_శ్రోత

ఓకే. వైరు ముట్టుకోను, దూది పెట్టను. ప్యాడ్లు వచ్చేలోగా ఫోమ్ కోసి పెట్టుకోవాలంటే ఏ రకం తీసుకోవాలి? జిగురు ఏది వాడాలి?

పాత_సరుకు

414కి జిగురు అక్కర్లేదు, ప్యాడ్ చట్రానికి తొడుక్కుంటుంది. పాత పొడిని మెత్తటి బ్రష్‌తో, కప్పు బోర్లించి దులపండి, లేకపోతే చిల్లుల్లోంచి డ్రైవర్ మీద పడుతుంది. పరుపుల కొట్లో ఇచ్చే గట్టి ఫోమ్ వద్దు. ముక్క తీసుకుని నోటి దగ్గర పెట్టి ఊదండి, గాలి అవతలికి తేలిగ్గా వస్తే అదే మీకు కావాల్సింది. ముందు ఒకవైపుకి కోసి పెట్టి, మైలార్ గారు చెప్పినట్టు మోనోలో వినండి, బాగుంటేనే రెండోది కోయండి.