‘తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు’: పద్యంలోని మాట, యెతి వేట

సభ్యులందరికీ నమస్కారం. ఉన్నాయని రుజువు కాని జంతువులను వెదికే క్రిప్టోజువాలజీ గురించి తెలుగులో వ్యాసం రాస్తున్న ఒక మిత్రులు నిన్న మన సమూహంలో ఒక ప్రశ్న వేశారు. హిమాలయాల్లో మంచుమనిషిగా చెప్పుకునే యెతి కోసం గాలించేవారి పనిని ‘కుందేటి కొమ్ము కోసం వెదకడం’ అనవచ్చునా అన్నది వారి సందేహం. చాలామంది వెంటనే అనవచ్చునన్నారు. నాకు మాత్రం ఆ ప్రయోగం సరికాదనిపిస్తోంది. కారణం చెప్పాలంటే ముందు పద్యం చూడాలి.

తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు
తవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు
తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు
చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు

భర్తృహరి నీతిశతకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన అనువాదంలోని తేటగీతి ఇది. మనలో ఎక్కువమందికి బడిలోనే నోటికి వచ్చిన పద్యం కనుక ప్రతిపదార్థం జోలికి పోము. అందువల్లనే మూడో పాదంలోని ‘తిరిగి’కి ‘మళ్ళీ’ అని అర్థం చెప్పుకునేవారు ఇప్పటికీ కనిపిస్తున్నారు. సంస్కృత మూలంలో ఆ చోట ఉన్నది ‘కదాచిదపి పర్యటన్ శశవిషాణమాసాదయేత్’. పర్యటన్ అంటే తిరుగుతూ, దేశం పట్టుకుని గాలిస్తూ అని. కాబట్టి లక్ష్మణకవి ‘తిరిగి’ ‘తిరుగాడి’ అన్న అర్థంలో వాడినదే. తివిరి, తవిలి, తిరిగి, చేరి అని నాలుగు పాదాలూ మనిషి చేసే ప్రయత్నాన్ని చెప్పే క్త్వార్థకాలతోనే (‘చేసి’, ‘చూసి’ వంటి క్రియారూపాలతోనే) మొదలవుతున్నాయని గమనిస్తే, మధ్యలో ఒక్క ‘మళ్ళీ’ వచ్చి ఇమడదని స్పష్టమవుతుంది. ‘ఆసాదయేత్’ను ‘సాధింపవచ్చు’ అనడంలో ఛందస్సు అవసరం కూడా ఉంది. ఆ పాదంలో ‘తి’కి యతి చెల్లవలసిన నాలుగో గణం సరిగ్గా ‘ధిం’ దగ్గర మొదలవుతుంది. తవర్గాక్షరాలు కనుక వర్గయతి కుదిరింది. ‘పొందగ వచ్చు’ అని ఉంటే అది కుదిరేది కాదు.

మూలం పృథ్వీవృత్తం, పాదానికి పదిహేడు అక్షరాలు. దానిని తేటగీతిలోకి కుదించినప్పుడు కొన్ని మాటలు జారిపోక తప్పదు. వాటిలో నేను ఎక్కువగా విచారించేది ‘ప్రతినివిష్ట’ అన్న విశేషణం గురించి. భర్తృహరి ‘మూర్ఖజన’ అని ఊరుకోలేదు, ‘ప్రతినివిష్టమూర్ఖజన’ అన్నాడు. అంటే తెలివి లేనివాడని కాదు, ఒక అభిప్రాయం పట్టుకుని దానిమీదే బైఠాయించినవాడని. తెలుగులో ‘మూర్ఖుడు’ అన్న మాటకే మొండివాడన్న అర్థం బాగా బలపడింది కనుక లక్ష్మణకవికి ఆ విశేషణం లేకపోయినా నడిచింది. అయినా దాన్ని మనసులో ఉంచుకోవాలి, ఈ ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది.

ఇక కొమ్ము సంగతి. శశవిషాణం, శశశృంగం అన్నవి మన తర్కంలో పాతుకుపోయిన ఉదాహరణలు. ఎండమావి నీట స్నానం చేసి, ఆకాశపుష్పం తలలో తురుముకుని, కుందేటి కొమ్ముతో చేసిన విల్లు పట్టుకుని గొడ్రాలి కొడుకు వెళ్తున్నాడని చెప్పే చాటుశ్లోకం మీలో చాలామంది వినే ఉంటారు. అయితే నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, ఈ మాటను విప్పిన తీరు నాకు ఎంతో ఇష్టం. కుందేలు ఉంది, కొమ్ము కూడా ఆవుకో మేకకో ఉంది, లేనిదల్లా కుందేటి తలమీద కొమ్ము అన్న ఆ సంబంధం మాత్రమే అంటారు వారు. ‘కుందేలు’ అన్నప్పుడే అది కొమ్ములేని జంతువని మనకు తెలుసు. కాబట్టి కుందేటి కొమ్ము ఇంకా దొరకని వస్తువు కాదు, దొరకడానికి వీలులేని వస్తువు. ఇంకా దొరకనిది అసిద్ధం, దొరకడానికి వీలులేనిది అసంభవం. కాంగో అడవుల్లోని ఒకాపి అనే జంతువు 1901 దాకా శాస్త్రజ్ఞుల దృష్టిలో అసిద్ధమే. అక్కడి అడవి మనుషులకు అది ఎప్పటినుంచో తెలుసు. కోట్ల ఏళ్ళ కిందట అంతరించిందనుకున్న సీలకాంత్ చేప 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలలో పడింది. వీటిని వెదికినవారు కుందేటి కొమ్ము వెదికారని ఎవరూ అనలేరు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పక తప్పదు. ఐరోపాలో 16వ శతాబ్దపు ప్రకృతి చిత్రాల్లోనే కొమ్ముల కుందేలు కనిపిస్తుంది. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని డగ్లస్ ఊరు 1930ల నుంచి ‘జాకలోప్’ అనే కొమ్ముల కుందేటికి పేరుపొందింది. అది చచ్చిన కుందేటి తలకు కొమ్ములు అతికించి చేసిన బొమ్మ. కానీ అదే దశకంలో రిచర్డ్ షోప్ అనే వైద్యపరిశోధకుడు అయోవా ప్రాంతపు అడవి కుందేళ్ళ తలమీద, మూతిమీద నల్లగా, గట్టిగా, కొమ్ముల్లా పెరిగిన కాయలను పరీక్షించాడు. వాటిని నూరి, బాక్టీరియా దాటలేని వడపోతగుండా పోనిచ్చి, ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళ చర్మానికి పట్టిస్తే వాటికీ అలాంటి కాయలే మొలిచాయి. కారణం వైరస్ అని 1933లో ప్రకటించాడు. నోటి చుట్టూ పెరిగితే పాపం ఆ జంతువు మేత మేయలేక చచ్చిపోతుంది. మనుషుల్లో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు కారణమయ్యే పాపిలోమా వైరస్ కూడా ఆ కుటుంబానిదే. ఆ సంగతి కనిపెట్టినందుకు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీంతో భర్తృహరి మాట తప్పిందా అంటే తప్పలేదు. షోప్ చూసినవి చర్మం మీద పెరిగిన కణితులు. ఆవు కొమ్ములా లోపల ఎముక ఉన్నవి కావు. పైగా పద్యం ‘వచ్చు’ అనే అంటోంది. తిరిగితే ఏమో, దొరికినా దొరకవచ్చునని కవి ఆ మూడింటికీ అవకాశం ఇచ్చి, నాలుగోదానికి మాత్రమే ‘రాదు’ అని తలుపు మూశాడు. పద్యం బలమంతా ఆ ఒక్క ‘రాదు’లో ఉంది.

ఇప్పుడు యెతి దగ్గరికి రావచ్చు. 1951లో ఎరిక్ షిప్టన్ మెన్‌లుంగ్ హిమానీనదం మీద తీసిన అడుగు ఫోటోతో దానికి ప్రపంచమంతటా పేరు వచ్చింది. ఎడ్మండ్ హిల్లరీ 1960లో ఖుమ్‌జుంగ్ గ్రామంలో యెతి నెత్తిచర్మంగా కాపాడుకుంటున్న వస్తువును అడిగి తీసుకువెళ్ళి పరీక్ష చేయిస్తే, అది సీరో అనే మేకలాంటి కొండజంతువు తోలుతో చేసినదని తేలింది. యెతివని చెప్పుకునే తొమ్మిది నమూనాలకు చేసిన డీఎన్ఏ పరీక్షల ఫలితాలు 2017లో వచ్చాయి. వాటిలో ఒకటి కుక్కది, మిగిలిన ఎనిమిదీ ఎలుగుబంట్లవి. ఆ పరిశోధన వల్ల హిమాలయ గోధుమరంగు ఎలుగుబంటి వంశచరిత్ర గురించి మనకు కొత్త విషయాలు తెలిశాయి. ఇది తిరిగినవారికి దక్కిన ఫలమే కదా.

అందువల్ల ఆ మిత్రులకు నా సూచన ఇది. యెతిని వెదికేవారినందరినీ ఒకే గాటన కట్టి ‘కుందేటి కొమ్ము’ అని తోసిపుచ్చవద్దు. నమూనా తెచ్చి పరీక్షకు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని ఒప్పుకునేవారికి పద్యంలోని ‘తిరిగి’ సరిపోతుంది. ఎనిమిది ఎలుగులూ ఒక కుక్కా అని తేలాక కూడా అసలైన నమూనాను దాచిపెట్టారని వాదించేవారికి మూలంలోని ‘ప్రతినివిష్ట’ సరిపోతుంది. వారికి తెలుగులో మరో కుందేలు సిద్ధంగానే ఉంది, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్న సామెతలోనిది. వ్యాసంలో రెండు మాటలూ వాడుకోవచ్చు, ఏది ఎవరికో చూసి వాడితే చాలు.